ప్లాటు అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ కలిపితే వచ్చే కమీషన్ తీసుకోవచ్చా? లైసెన్స్ కావాలా?

షాద్‌నగర్_శ్రీను | 9 ఆగస్టు 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. సొంతూరు షాద్‌నగర్ పక్కన. ఈమధ్య మా బాబాయి వాళ్ల పక్కింటాయన 200 గజాల ప్లాటు అమ్ముతానంటే మా ఆఫీసులో ఒకాయనకి చెప్పాను. వాళ్లిద్దరే కూర్చుని మాట్లాడుకున్నారు, గజం 15 వేలకి తెగింది. రిజిస్ట్రేషన్ అయ్యాక అమ్మినాయన పిలిచి ఒక శాతం కింద 30 వేలు ఫోన్‌పే చేశారు.

ఇప్పుడు ఇంకో రెండు వచ్చాయి. ఒకటి, కొల్లూరు దగ్గర కడుతున్న అపార్ట్‌మెంటు. మా టీమ్ లీడ్ 90 లక్షల ఫ్లాటు చూస్తున్నారు, నేను తీసుకెళ్తే బిల్డర్ 2 శాతం ఇస్తానంటున్నాడు. రెండోది, జడ్చర్ల వైపు రెండెకరాల పొలం. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కొంటానంటున్నాడు.

మా మామ ఏమో "లైసెన్స్ లేకుండా కమీషన్ తింటే జైలుకే" అంటున్నాడు. ఆఫీసులో వాళ్లేమో "నువ్వు పరిచయం చేశావంతే, బేరం ఆడలేదు కదా, నీకేం సంబంధం" అంటున్నారు. ఏది నిజం?

---

గజం_రేటు | 9 ఆగస్టు, రాత్రి 10:05

తమ్ముడూ, మేం ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు ఏళ్ల తరబడి ఇదే పని చేసుకుంటున్నాం. అమ్మేవాళ్ల దగ్గర ఒక శాతం, కొనేవాళ్ల దగ్గర ఒక శాతం రివాజు. ఊళ్లో పొలమైతే కొందరు ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు. జైలూ గీలూ ఏం లేదు. మీ మామను టెన్షన్ పడొద్దని చెప్పు.

---

కోర్టు_కబుర్లు | 9 ఆగస్టు, రాత్రి 11:20

శ్రీను గారూ, మీ మామ చెప్పిందీ పూర్తిగా నిజం కాదు, మీ ఆఫీసు వాళ్లు చెప్పిందీ కాదు. మీరడిగిన మూడూ మూడు రకాల ఆస్తులు. మూడింటికీ ఒకే జవాబు లేదు.

ముందు "పరిచయం చేశానంతే" అన్న మాట తీసుకుందాం. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 2లో ఏజెంట్ అంటే ఎవరో రాశారు. బేరం మాట్లాడి ఫీజు తీసుకునేవాడితో ఆగలేదు. కొనాలనుకునేవాళ్లనీ అమ్మాలనుకునేవాళ్లనీ ఏ మాధ్యమం ద్వారానైనా ఒకరికొకరిని పరిచయం చేసేవాణ్ణి కూడా అందులో కలిపారు. బ్రోకర్, మధ్యవర్తి, ఏ పేరు పెట్టుకున్నా సరే. వాట్సాప్ గ్రూపులో పెట్టినా పరిచయమే. కాబట్టి బేరం ఆడలేదన్నది మన దగ్గర నిలబడే వాదన కాదు.

అయితే ఆ చట్టం పట్టేది రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లనే. సెక్షన్ 9 ప్రకారం రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించాలంటే ముందు ఏజెంటుగా రిజిస్టర్ కావాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం, లేదా 8 ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటు అయితే బిల్డర్ ఆ ప్రాజెక్టును రిజిస్టర్ చేయించి తీరాలి. తెలంగాణలో 1 జనవరి 2017కి ముందు అనుమతి వచ్చినవి దీని కిందకి రావు.

అంటే మీ కొల్లూరు ఫ్లాటు నూటికి నూరు పాళ్లు రెరా వ్యవహారం. షాద్‌నగర్ ప్లాటు పాత లేఅవుట్ అయితే కాదు. జడ్చర్ల పొలం రెరాలోకి రాదు గానీ, దానికి వేరే చిక్కుంది. రేపు రాస్తాను.

జైలు సంగతి: రిజిస్టర్ కాకుండా ఏజెంటు పని చేస్తే సెక్షన్ 62 కింద రోజుకు 10 వేల జరిమానా. అలా పెరిగి పెరిగి ఆ ఫ్లాటు ఖరీదులో 5 శాతం దాకా వెళ్లొచ్చు. ఆ సెక్షన్‌లో జైలు లేదు.

---

బెజవాడ_ఆడిటర్ | 10 ఆగస్టు, ఉదయం 7:15

పై లెక్క శ్రీనుకి వేసి చూద్దాం. 90 లక్షల ఫ్లాటుకి 2 శాతం అంటే లక్షా 80 వేలు. 5 శాతం జరిమానా అంటే నాలుగున్నర లక్షలు. వచ్చే కమీషన్‌కి రెండున్నర రెట్లు.

---

గజం_రేటు | 10 ఆగస్టు, ఉదయం 8:02

లాయర్ మేడమ్ చెప్పింది చట్టం. నేను చెప్పేది వ్యవహారం. రీసేల్ ప్లాటుకి రెరా నంబర్ అడిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

---

కోర్టు_కబుర్లు | 10 ఆగస్టు, ఉదయం 8:30

పాత లేఅవుట్ రీసేల్ అయితే మీతో నాకు పేచీ లేదు. కానీ రెరా నంబర్ ఉండి ఇంకా పని జరుగుతున్న లేఅవుట్లో, మొదట కొన్నవాడు మళ్లీ అమ్ముకుంటున్నాడనుకోండి. సెక్షన్ 9లో ఉన్న మాట "రిజిస్టరైన ప్రాజెక్టులోని ప్లాటు". మొదటి అమ్మకమా, రెండో అమ్మకమా అన్న తేడా అక్కడ లేదు. నా క్లయింటు ఎవరైనా అడిగితే రిజిస్టర్ చేయించుకోమనే చెప్తాను.

---

గజం_రేటు | 10 ఆగస్టు, ఉదయం 8:41

అలా అయితే సగం హైదరాబాద్ రిజిస్టర్ చేయించుకోవాలి మేడమ్ 😄

---

కోర్టు_కబుర్లు | 10 ఆగస్టు, ఉదయం 8:44

చేయించుకోవాలనే చట్టం తెచ్చారండీ.

---

ఒకమాట | 10 ఆగస్టు, ఉదయం 11:10

కొనేవాడి తరఫున నేనో మాట అడుగుతా. ఆ మధ్య మేం తుర్కయంజాల్ వైపు ప్లాటు చూశాం. మధ్యవర్తి గజం 32 వేలన్నాడు. మా దగ్గర ఒక శాతం కమీషన్ తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్ రోజు ఓనర్‌తో మాటల్లో తెలిసింది, ఆయనకి చేరింది గజానికి 29 వేలేనట. పైన మూడు వేలు మధ్యలోనే పోయింది. ఇదేం పద్ధతి? ఇది కూడా చట్టబద్ధమేనా?

---

గజం_రేటు | 10 ఆగస్టు, మధ్యాహ్నం 12:35

అన్నా, దాన్ని మా దగ్గర "పైన వేసుకోవడం" అంటారు. అందరూ చేయరు, చేసేవాళ్లు మాత్రం చాలామందే. నేను చేయను అని చెప్తే నమ్మరు కాబట్టి చెప్పను.

సిట్టింగ్ ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. సాగర్ రోడ్డు మీద ఏదో ఇరానీ హోటల్లో కూర్చుంటాం. ఓనర్ ఒక టేబుల్ దగ్గర, కొనే పార్టీ ఇంకో టేబుల్ దగ్గర. ఇద్దర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టం, ముందే కలిస్తే మమ్మల్ని పక్కన పెట్టేస్తారని భయం. మేం అటూ ఇటూ తిరుగుతుంటాం. అమ్మే వైపు ఇద్దరు, కొనే వైపు ముగ్గురు మీడియేటర్లు ఉంటారు, ఎందుకంటే సైట్ ఒకడిది, పార్టీ ఇంకొకడిది, ఆ పార్టీ నంబర్ ఇచ్చినవాడు వేరొకడు. రేటు కుదిరాక బయానా (అడ్వాన్సు) చేతులు మారేటప్పుడు మాత్రమే రెండు టేబుళ్లు కలుస్తాయి. వచ్చిన ఒక శాతం ఆ వైపు వాళ్లంతా పంచుకోవాలి. చివరికి ఒక్కొక్కడికి మిగిలేది చూస్తే పెట్రోలు ఖర్చుకీ రాదు. పైన వేసుకునే బుద్ధి అక్కడే పుడుతుంది. సరైనదని అనట్లేదు, ఎందుకు జరుగుతుందో చెప్తున్నా.

---

కోర్టు_కబుర్లు | 10 ఆగస్టు, సాయంత్రం 6:50

ఒకమాట గారి ప్రశ్న అసలైన ప్రశ్న. లైసెన్స్ ఉన్నా లేకపోయినా ఈ పని చేసేవాడికి వర్తించే పాత చట్టం 1872 కాంట్రాక్టు చట్టం. ఓనర్ నా స్థలం అమ్మిపెట్టు అన్నాడంటే మీరు ఆయన ఏజెంటు. ఆయనకి తెలియకుండా ఆ వ్యవహారంలో సొంతంగా లాభం చేసుకుంటే, ఆ లాభం తనకి ఇమ్మని ఓనర్ అడగొచ్చు, సెక్షన్ 216. ఏజెంటు తప్పు నడవడికకి పాల్పడితే ఆ పని మేరకు కమీషన్ అడిగే హక్కే పోతుంది, సెక్షన్ 220. అంటే పైన మూడు వేలూ పోతాయి, ఒక శాతమూ పోతుంది.

రెండు వైపులా కమీషన్ తీసుకోవడం తప్పు కాదు, ఇద్దరికీ తెలిసి ఉంటే. దాచి తీసుకుంటేనే తప్పు.

ఓనర్ తనంతట తానే "నాకు గజానికి 29 వేలు నెట్ చేతికి రావాలి, పైన ఎంతకి అమ్ముకున్నా నీదే" అంటే సంగతి వేరు. కానీ ఆ మాట కాగితం మీద ఉండాలి. ఇంకా శుభ్రమైన దారి, మీరే బయానా ఇచ్చి మీ పేరు మీద అగ్రిమెంటు రాయించుకోవడం. మన పాత దస్తావేజుల్లో "మీకు గాని, మీరు కోరిన వారికి గాని రిజిస్టరు చేయించగలవాడను" అని రాస్తారు చూడండి, అందుకే. అప్పుడు మీరు మధ్యవర్తి కారు, అగ్రిమెంటు హోల్డర్. మీ డబ్బు పెట్టారు, గడువులోగా పార్టీ దొరక్కపోతే బయానా పోయే రిస్కు మీదే, లాభం వస్తే అదీ మీదే.

---

పలక_బలపం | 10 ఆగస్టు, రాత్రి 8:15

మేడమ్, నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. సెలవుల్లో ఇలా ఒకటి రెండు బేరాలు కుదిర్చితే ఇబ్బందా?

---

కోర్టు_కబుర్లు | 10 ఆగస్టు, రాత్రి 8:22

ఇబ్బందే మాస్టారూ. 1964 నాటి సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి ప్రైవేటు వ్యాపారం చేయొద్దంటుంది. మీ భార్య గారి పేరు పెట్టి మీరు తిరుగుతాననుకుంటున్నారేమో, ఫోన్లన్నీ మీ నంబర్ నుంచే వెళ్తాయి కదా. నాకూ వీల్లేదు లెండి, లాయర్లు వ్యాపారం చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన.

---

ఫ్రిస్కో_రవి | 11 ఆగస్టు, ఉదయం 5:30

టెక్సాస్ నుంచి. ఇక్కడి రూలు తెలిస్తే ఆశ్చర్యపోతారు. లైసెన్స్ లేనివాడు ఫలానా వాళ్లు ఇల్లు కొంటారట అని ఏజెంటుకి చెప్పి డబ్బు తీసుకుంటే అది లైసెన్స్ లేని బ్రోకరేజీ. మహా అయితే 50 డాలర్ల లోపు ఏదైనా వస్తువు బహుమతిగా తీసుకోవచ్చు, నగదు కాదు. అందుకే మా వాళ్లలో చాలామంది పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుంటారు.

కానీ అదే మనుషులు ఇక్కడి హోటల్ హాళ్లలో హైదరాబాద్ ప్రాపర్టీ షో పెట్టినప్పుడు, పక్కింటివాళ్లని తీసుకెళ్లి ప్రీలాంచ్‌లో, అంటే రెరా నంబర్ రాకముందే అమ్మే ప్రాజెక్టులో, డబ్బు కట్టిస్తారు. ఇక్కడ 50 డాలర్లకి భయపడేవాడు అక్కడ లక్షల కమీషన్‌కి భయపడడు.

---

కోర్టు_కబుర్లు | 11 ఆగస్టు, ఉదయం 9:00

రవి గారు ఆ మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. ఈ చర్చ చదువుతున్నవాళ్లకి నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. ప్రీలాంచ్ జోలికి వెళ్లొద్దు. రెరా నంబర్ రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం బిల్డర్‌కి నిషేధం, సెక్షన్ 3. అలాంటి ప్రాజెక్టులో అమ్మించడం ఏజెంటుకి నిషేధం, సెక్షన్ 10. మీకు ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఇక్కడ కమీషన్లు 4, 5 శాతం అని ఊరిస్తారు, ఎందుకంటే నూటికి నూరు శాతం డబ్బు ముందే కట్టించుకుంటారు. బిల్డర్ ఎత్తేస్తే జనం ముందు పట్టుకునేది తమని తీసుకెళ్లినవాణ్ణే. చీటింగ్ కేసు, దానిమీద 1999 డిపాజిటర్ల రక్షణ చట్టం కూడా పెడుతున్నారు. రెరా జరిమానాలో జైలు లేదన్నాను గానీ, ఈ దారిలో ఉంది.

ఇక శ్రీను గారి జడ్చర్ల పొలం. ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు) మన దేశంలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధన. తాతల ఆస్తి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కొనడం మాత్రం కుదరదు. ఇళ్లు, ఇంటి ప్లాట్లు కొనుక్కోవచ్చు. ఫామ్ ప్లాటు అని అందమైన పేరు పెట్టినా కాగితంలో వ్యవసాయ భూమి అయితే అంతే.

---

షాద్‌నగర్_శ్రీను | 11 ఆగస్టు, మధ్యాహ్నం 1:10

అమ్మో, ఇది అస్సలు తెలియదు మేడమ్. మా అన్న వాళ్ల నాన్న పేరు మీద కొంటానంటున్నాడు. అలా అయితే?

---

కోర్టు_కబుర్లు | 11 ఆగస్టు, మధ్యాహ్నం 2:05

డబ్బు కొడుకుది, పేరు నాన్నది, అనుభవించేది కొడుకు అయితే బినామీ చట్టం అడ్డొస్తుంది. భార్య పేరు మీద, పిల్లల పేరు మీద కొనడానికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల పేరు మీదైతే కొన్నవాడి పేరు కూడా జంటగా ఉండాలి. ఇక్కడ ఎన్నారై పేరు పెట్టడానికి వీల్లేదు కదా. కొడుకు నాన్నకి బ్యాంకు ద్వారా డబ్బు నిజంగానే బహుమతిగా ఇచ్చేసి, నాన్న తన కోసం తను కొనుక్కుంటే అది నాన్న భూమి. రేపు ఆయన వీలునామాలో ఎవరికి రాస్తే వాళ్లది. మీ పెద్దనాన్నకి ఇంకో కొడుకుంటే మీ అన్న ఈ సంగతి ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

---

సుబ్బలక్ష్మి_తెనాలి | 11 ఆగస్టు, సాయంత్రం 4:30

మాది ఇంకో బాధ. మావారు ఊళ్లో ఎకరంన్నర పొలానికి పార్టీని తెచ్చి, రెండు నెలలు తిప్పి, రేటు దగ్గర పడేదాకా తెచ్చారు. తర్వాత ఇద్దరూ మాకు బేరం కుదరలేదన్నారు. దసరా వెళ్లాక చూస్తే రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, ఇప్పుడు ఎదురొస్తే పలకరించరు కూడా. ఏమైనా చేయొచ్చా అండీ?

---

కోర్టు_కబుర్లు | 11 ఆగస్టు, రాత్రి 9:10

చేయొచ్చమ్మా. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, రుజువు చేయడమే కష్టం. వాట్సాప్ మెసేజీలు, లొకేషన్ పంపినవి, "రేపు పొలం చూడ్డానికి వస్తున్నాం" అన్న వాయిస్ నోట్లు, ఏవీ డిలీట్ చేయొద్దు. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేసి కోర్టులో పెట్టొచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీ (ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్) తీయండి, ఎవరు ఎవరికి ఏ తేదీన అమ్మారో అందులో తేలుతుంది. ముందు నోటీసు ఇవ్వండి. దావా వేయడానికి మూడేళ్ల గడువుంటుంది. మొత్తానికి ఖర్చుతో కూడిన పనే, ముందు పెద్దమనుషుల్లో పెట్టి చూడండి.

ఈ పని చేద్దామనుకునేవాళ్లు ఎవరైనా సరే, స్థలం చూపించకముందే వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక పేజీ రాయించుకోండి. స్థలం సర్వే నంబర్, కమీషన్ ఎంత, ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు. ఈ "ఎప్పుడు" దగ్గరే గొడవలన్నీ. ఏమీ రాసుకోకపోతే పని పూర్తయ్యాకే డబ్బు అడగగలరు, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 219. అగ్రిమెంటు రోజు సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం అని రాసుకుంటే అగ్రిమెంటు అయ్యాక బేరం చెడినా సగం అడగొచ్చు. చివర్లో ఇంకో వాక్యం చేర్చండి: "మీరు చూపించిన పార్టీకి ఆరు నెలల్లోగా నేను నేరుగా అమ్మినా ఈ కమీషన్ చెల్లిస్తాను."

---

గజం_రేటు | 11 ఆగస్టు, రాత్రి 9:40

కాగితం అనగానే సగం మంది ఓనర్లు ఫోన్ ఎత్తడం మానేస్తారు మేడమ్. నేను చేసేది చెప్తా. సైట్ చూపించిన రోజు రాత్రి ఓనర్‌కి ఒక మెసేజ్ పెడతా: "ఈరోజు ఫలానా వాళ్లకి మీ ప్లాటు చూపించాను, మనం అనుకున్న ఒక శాతం ప్రకారం." ఆయన "ఓకే" అని పెడితే చాలు. బొమ్మ పెట్టినా చాలు 👍

---

కోర్టు_కబుర్లు | 11 ఆగస్టు, రాత్రి 9:52

ఇది మంచి పద్ధతి. కాగితం అంత గట్టిది కాదు గానీ, ఏమీ లేనిదానికంటే ఎన్నో రెట్లు నయం. ఇంకొకటి, ఎవరికీ ఏదీ చూపించకముందు మీరే ఓసారి ఈసీ, నిషేధిత భూముల 22ఏ జాబితా, భూమి రికార్డుల వెబ్‌సైట్లు, అంటే తెలంగాణలో అయితే భూభారతి, ఆంధ్రలో అయితే మీభూమి, చూసుకోండి. అసైన్డ్ భూమి (పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమి) అని తెలిసీ పార్టీని తీసుకెళ్తే మీ పేరు ఎఫ్ఐఆర్లో ఉంటుంది. అగ్రిమెంటు మీద సాక్షి సంతకం మీరే పెట్టి ఉంటారు కూడా.

---

బెజవాడ_ఆడిటర్ | 12 ఆగస్టు, ఉదయం 6:45

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది.

బిల్డర్ మీకు కమీషన్ ఇస్తే 2 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తాడు. అక్టోబర్ 2024 దాకా 5 శాతం ఉండేది, తగ్గింది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 20 వేల లోపైతే కోయరు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. మామూలు ఇంటి యజమాని, ఉద్యోగస్తుడు ఇచ్చే 30 వేలకి టీడీఎస్ ఉండదు, కానీ అది మీ ఆదాయమే, రిటర్న్‌లో చూపాలి. ఫోన్‌పేలో వచ్చింది కాబట్టి ఎలాగూ బ్యాంకు ఖాతాలో కనిపిస్తూనే ఉంటుంది.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడ: చిన్న వ్యాపారులకి లెక్కలు రాయకుండా 6 శాతమో 8 శాతమో లాభం చూపి బయటపడే పద్ధతి ఉంది కదా, అది కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి వర్తించదు. చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. కాబట్టి తరచూ చేస్తే వ్యాపార ఆదాయం కింద ఐటీఆర్-3 రిటర్న్ ఫారం వేయాలి. పెట్రోలు, ఫోన్ బిల్లు, తోటి మధ్యవర్తికి పంచిన వాటా ఖర్చు కింద తీసేయొచ్చు, రుజువులుంటే. ఎప్పుడో ఒకసారి వచ్చిందైతే ఇతర ఆదాయం కింద చూపితే సరిపోతుంది.

జీఎస్టీ: ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. దాటాక 18 శాతం. మాట్లాడుకునేటప్పుడే "జీఎస్టీ అదనం" అనకపోతే ఆ 18 మీ జేబులోంచి పోతుంది.

నగదు: ఒక వ్యవహారంలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కారులో కవరు అందుకోవడం బాగానే ఉంటుంది, తర్వాత మాత్రం బాగోదు.

ఓనర్‌ని బ్యాంకు ద్వారా ఇమ్మని ఒప్పించడానికి ఒక మాట వాడండి. ఆయన మీకిచ్చిన కమీషన్‌ని మూలధన లాభం లెక్కలో ఖర్చుగా తీసేసుకోవచ్చు. కొన్నాయన అయితే కొన్న ధరకి కలుపుకోవచ్చు. రసీదు ఉంటేనే. ఆ మాట చెప్తే నగదు ఇస్తానన్నవాళ్లు కూడా చెక్కు రాసిస్తారు.

---

షాద్‌నగర్_శ్రీను | 12 ఆగస్టు, రాత్రి 8:30

అందరికీ థ్యాంక్స్. పొలం సంగతి అన్నకి చెప్పేశాను, ఆగిపోయాడు. కొల్లూరు ప్రాజెక్టుకి రెరా నంబర్ ఉంది, వెబ్‌సైట్లో చూశాను. నేను రిజిస్టర్ చేయించుకుంటాను. ఎంతవుతుంది, ఎక్కడ? బిల్డర్ మాత్రం "అవన్నీ ఎందుకు, మీ టీమ్ లీడ్‌కి డిస్కౌంటుగా ఇచ్చేస్తా, మీరూ మీరూ చూసుకోండి" అంటున్నాడు.

---

బెజవాడ_ఆడిటర్ | 12 ఆగస్టు, రాత్రి 9:05

తెలంగాణ రెరా వెబ్‌సైట్లోనే దరఖాస్తు. వ్యక్తికి 10 వేలు, సంస్థకి 50 వేలు, ఐదేళ్లు చెల్లుతుంది. పాన్, ఆధార్, చిరునామా రుజువు, ఐటీ రిటర్న్‌లు సిద్ధంగా పెట్టుకోండి. అది తెలంగాణకే. మా వైపు వచ్చి అమ్మిస్తానంటే ఆంధ్రా రెరాలో మళ్లీ చేయించుకోవాలి. నంబర్ వచ్చాక మీరు అమ్మించే ప్రతి ఫ్లాటు దగ్గరా అది చూపించాలి, లెక్కల పుస్తకాలు కూడా ఉంచాలి.

ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి మీ ఆఫర్ లెటర్ ఓసారి తీసి చదవండి. చాలా కంపెనీలు బయట సంపాదనకి రాతపూర్వక అనుమతి అడుగుతాయి.

---

కోర్టు_కబుర్లు | 12 ఆగస్టు, రాత్రి 9:30

డిస్కౌంటు మీ టీమ్ లీడ్‌కి వెళ్లి అక్కడితో ఆగిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. అందులోంచి మీకు వాటా వస్తే అది ఏ పేరుతో వచ్చినా ఫీజే. నంబర్ వచ్చేదాకా ఆగండి. టీమ్ లీడ్ తొందరపడితే ఆయన్ని నేరుగా వెళ్లి ఆ డిస్కౌంటు అడుక్కోమనండి. ఈ ఫ్లాటు కమీషన్ పోతుందంతే.

---

షాద్‌నగర్_శ్రీను | 12 ఆగస్టు, రాత్రి 9:41

ఆయనకి శ్రావణంలోనే బుక్ చేయాలని ఉంది మేడమ్. ఆయన్నే వెళ్లమని చెప్పాను. దరఖాస్తుకి పాన్, ఆధార్ స్కాన్ చేశాను, రిటర్న్‌ల కాపీలు రేపు తీస్తా.